బయటి లింకు తెగితే పక్క బ్లాకుకి కూడా మెసేజ్ వెళ్ళదు: కాలనీ నెట్‌వర్క్‌ని మొదటినుంచి ఎలా గీయాలి?

మధురవాడ_108 అడిగిన ప్రశ్న

విశాఖ మధురవాడలో మూడు బ్లాకుల అపార్ట్‌మెంటు. బ్లాకుకి 36 చొప్పున 108 ఫ్లాట్లు, తొమ్మిది అంతస్తులు. ఇళ్ళలో ఎవరి నెట్ వాళ్ళదే. దాదాపు సగం మందిది ఒక కంపెనీ ఫైబర్, మిగతావాళ్ళది ఇంకొకటి. అసోసియేషన్ చేతిలో ఉన్నవి గేటు దగ్గర విజిటర్ యాప్ నడిచే ట్యాబ్, 16 కెమెరాలు, మోటార్ల గది కంట్రోలర్, లిఫ్టుల ఇంటర్‌కమ్. ఇవన్నీ వీల్యాన్లు (ఒకే స్విచ్‌ని విడి నెట్‌వర్కులుగా పంచే పద్ధతి) లేని ఒకే స్విచ్ నెట్‌వర్క్ మీద, ఒకే బయటి లింకుతో నడుస్తున్నాయి.

గాలివానకి స్తంభాల మీది ఫైబర్ తెగినప్పుడల్లా ఒకటే తంతు. గేటు నుంచి ఫ్లాటుకి కాల్ వెళ్ళదు, కెమెరాలు ఫోన్లో కనబడవు, ఏ-బ్లాకు నుంచి బీ-బ్లాకుకి వాట్సాప్ అందదు. బ్లాకుల మధ్య మేం వేసుకున్న తీగ మాత్రం చెక్కుచెదరదు. లింకు బాగున్న రోజు సంగతీ అంతంత మాత్రమే: ఎదురు ఫ్లాటులో వేరే కంపెనీ నెట్ మీదున్న నాస్‌కి (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే పెట్టె) ఐపీవీ6లో (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి) పింగ్ కొడితే వెళ్ళి రావడానికి 30 మిల్లీసెకన్లు. ట్రేస్‌రూట్‌తో దారి చూస్తే చెన్నై వెళ్ళి వస్తోంది.

ఎన్‌డీఎన్, సియాన్, రీనా లాంటి కొత్త ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ల గురించి చదివాను. వాటిలో ఇప్పుడు మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా, లేక ఉన్న ఐపీతోనే ఈ పని అవుతుందా? ఎలాగూ రైజర్ తీగలు (అంతస్తుల మధ్య నిలువునా పోయేవి) మార్చాలి కాబట్టి పాతదానికి అతుకులు వెయ్యకుండా మొదటినుంచి గీద్దామని ఉంది. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు లేకపోయినా గేటు, లిఫ్టు, మోటార్ల గది మాట్లాడుకోగలగాలి. అది తప్పనిసరి, మిగతావి ఉంటే మంచిది.

---

ఎండ్_టు_ఎండ్

ముందు ఆ 30 మిల్లీసెకన్ల లెక్క తేలిస్తే మిగతా కథ సులువవుతుంది. గాజు తీగలో కాంతి మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి చెన్నై 800 కిలోమీటర్లు అనుకోండి. మీ ఫ్లాటు నుంచి చెన్నై, అక్కడినుంచి ఎదురు ఫ్లాటు: 1600 కిలోమీటర్లు, 8 మిల్లీసెకన్లు. జవాబు కూడా అదే దారిన రావాలి కాబట్టి 16. మిగిలింది తీగ మార్గంలో వంకర్లు, రెండు వైపులా జీపాన్‌లో (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్ళు పంచుకునే పద్ధతి) వంతు కోసం ఆగడం, మధ్యలో రౌటర్ల క్యూలు. రౌటర్ మార్చినా ప్లాను పెంచినా ఆ 16 తగ్గదు. రెండు కంపెనీలూ ఒకరి ట్రాఫిక్ ఒకరికి ఇచ్చుకునే చోటు విశాఖలో లేకపోవడమే కారణం.

గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన విశాఖ ఏఐ హబ్‌లో సముద్రగర్భ కేబుల్ గేట్‌వే కూడా ఉంది కదా, అది వస్తే ఇది పోదా అని చాలామంది అంటున్నారు. దానంతట అది పోదు. కేబుల్ దిగడం వేరు, ఊళ్ళో రెండు నెట్‌వర్కులు ఒకే గదిలో కలిసి పీరింగ్ చేసుకోవడం వేరు. కేబుల్ పక్కనే ఎక్స్ఛేంజి పెట్టి, మీ రెండు కంపెనీలూ అందులో పోర్టు తీసుకుంటేనే మీ పింగ్ 5 లోపుకి వస్తుంది.

ఇక అసలు సంగతి. ఇంటర్నెట్ తొలి రూపశిల్పుల్లో ఒకడైన డేవిడ్ క్లార్క్ 1988లో ఇంటర్నెట్ డిజైన్ లక్ష్యాలని ప్రాధాన్యం ప్రకారం వరసగా రాశాడు. నెట్‌వర్కులని కలపడం అనే మూల లక్ష్యం తర్వాత, వరసలో మొట్టమొదటిది: కొన్ని నెట్‌వర్కులు, గేట్‌వేలు పోయినా మిగిలినవాటి మధ్య మాట ఆగకూడదు. మీ కాలనీలో ఆగుతోంది. ఐపీ మాత్రం ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది. తీగ ఉంటే ప్యాకెట్ పోతుంది. ఆపుతున్నది పైనున్న ఐదు: పేరు అడగడానికి డీఎన్ఎస్, గుర్తుపట్టడానికి లాగిన్ సర్వరు, సమయానికి ఎన్‌టీపీ, ఫోన్‌ని నిద్ర లేపడానికి పుష్ సర్వరు, మాట మోయడానికి యాప్ సర్వరు. ఇవన్నీ ఎక్కడో దూరాన ఉన్నాయి. అందుకని కొత్త ప్రోటోకాల్ వెతికేముందు, ఈ ఐదింటికీ కాలనీ లోపల ఒక్కో ప్రతి ఉండేలా గీయండి.

అడ్రసుల దగ్గర మొదలుపెడదాం. ఐపీ అడ్రసుతో వచ్చిన పాత చిక్కు, ఎవరు అన్నదానికీ ఎక్కడ అన్నదానికీ అదే గుర్తు కావడం. డోరు నంబరే మనిషి పేరు అయితే ఇల్లు మారినప్పుడల్లా కొత్త మనిషి అయిపోతాడు. కంపెనీ ఇచ్చిన ప్రిఫిక్స్ (అడ్రసు ముందు భాగం) మీద లోపలి పనులు కడితే జరిగేది అదే. రౌటర్ రీబూట్ అయ్యాక చాలా చోట్ల కొత్త ప్రిఫిక్స్ వస్తుంది. పాతదాన్ని రద్దు చేసే మాట ఎవరూ చెప్పరు కాబట్టి లోపలి మిషన్లు దాన్నే పట్టుకుని కూర్చుంటాయి. ప్రమాణంలోని డిఫాల్టు గడువులు ప్రిఫర్డ్‌కి (కొత్త కనెక్షన్లకి వాడే గడువు) 7 రోజులు, వ్యాలిడ్‌కి (అడ్రసు చెల్లే గడువు) 30 రోజులు.

దీనికి మందు యూఎల్ఏ. ఎఫ్‌డీతో మొదలయ్యే లోకల్ ఐపీవీ6 అడ్రసులవి, ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4193. 40 బిట్లు యాదృచ్ఛికంగా తీసి కాలనీకి ఒక /48 (మొదటి 48 బిట్లు ఒకటే అయిన అడ్రసుల గుంపు) కట్టుకోండి. సున్నాలూ ఒకట్లూ పెట్టి అందంగా రాసుకోవద్దు, రేపు పక్క కాలనీతో కలిపితే రెండూ ఢీకొంటాయి. /48లో 65,536 /64లు వస్తాయి. ఫ్లాటుకి ఒక /60 ఇచ్చినా, అంటే 16 నెట్‌వర్కులు, స్థలం మిగిలిపోతుంది. నంబర్లలోనే బ్లాకు, అంతస్తు, ఫ్లాటు కనిపించేలా వేస్తే లాగ్ చూసేటప్పుడు హాయి.

ఫ్లాటులో కంపెనీ ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే పెట్టె) వెనక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) నడిచే చిన్న రౌటర్ ఒకటి. దానికి రెండు పైతీగలు: ఒకటి కంపెనీకి, ఒకటి కాలనీకి. డిఫాల్ట్ రూటు (విడిగా దారి రాయని ట్రాఫిక్ అంతా పోయే దారి) కంపెనీ వైపు, కాలనీ /48 మాత్రం కాలనీ పోర్టు వైపు. కాలనీ పోర్టు మీదుగా డిఫాల్ట్ రూటు ఎప్పుడూ ఇవ్వకండి. ఇస్తే ఒకరి ట్రాఫిక్ ఇంకొకరి లింకు మీదికి పోతుంది. బ్యాండ్‌విడ్త్ కొని ఫ్లాట్లకి డబ్బులకి పంచితే ఐఎస్‌పీ లైసెన్సు గొడవ కూడా మొదలవుతుంది. లోపలి మాట లోపలే తిరిగినంతవరకు ఆ తలనొప్పి లేదు. ఆ పోర్టు మీద ఫైర్‌వాల్ మూసే ఉంచాలి, నాస్ ఎవరికి తెరవాలో ఆ ఇంటివాళ్ళే తేల్చుకుంటారు. ఎదురు ఫ్లాటు నాస్ దూరం అప్పుడు ఒక మిల్లీసెకను లోపే.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఆర్‌ఎఫ్‌సీ 6724 పట్టికలో యూఎల్ఏ ప్రాధాన్యం 3, ఐపీవీ4 ప్రాధాన్యం 35; పెద్ద అంకెదే ముందు వంతు. డీఎన్ఎస్‌లో ఒకే పేరుకి 'ఏ' రికార్డు (ఐపీవీ4 అడ్రసు), క్వాడ్-ఏ రికార్డు (ఐపీవీ6 అడ్రసు) రెండూ ఇస్తే ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు ఐపీవీ4 వైపే పోతాయి. అందుకని లోపలి పేర్లకి క్వాడ్-ఏ ఒక్కటే పెట్టండి. అడ్రసులు ఎస్ఎల్ఏఏసీతో (పరికరం తన అడ్రసు తానే కట్టుకునే పద్ధతి) ఇవ్వండి, ఎందుకంటే ఆండ్రాయిడ్ డీహెచ్‌సీపీవీ6లో (సర్వరు అడ్రసు పంచే పద్ధతి) విడి అడ్రసు అడగదు.

పేర్లకి డాట్ లోకల్ వాడొద్దు, అది మల్టీకాస్ట్ డీఎన్ఎస్ (సర్వరు లేకుండా పక్క పరికరాలనే పేరు అడిగే పద్ధతి) సొత్తు. హోమ్ డాట్ ఆర్పా వాడొచ్చు గానీ దానికి బయటి సంస్థ నుంచి టీఎల్ఎస్ (కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే పద్ధతి) సర్టిఫికెట్ రాదు. ఒక మామూలు డొమైన్ కొని, దాని కింద కాలనీ పేర్లు పెట్టి, డీఎన్ఎస్ పద్ధతిలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. 90 రోజుల సర్టిఫికెట్‌ని 60వ రోజునే రెన్యూ చేస్తే, ఏ రోజు లింకు తెగినా కనీసం 30 రోజులు చేతిలో ఉంటాయి. ఆ జోన్‌కి (ఆ పేర్ల పట్టికకి) లోపలి సర్వరే అథారిటేటివ్ (అసలు జవాబు చెప్పేది) కావాలి. బయటికి ఫార్వర్డ్ చేసి క్యాష్‌లో ఉంచుకోవడంతో సరిపెడితే టీటీఎల్ (క్యాష్‌లో ఉంచుకునే గడువు) అయిపోగానే పేర్లు మాయమవుతాయి.

---

స్ప్లైస్_బాక్స్

పైన గీసిన బొమ్మ బాగుంది, కింద తీగ గట్టిగా లేకపోతే అంతా గాలిలో దీపమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరంలో స్తంభాలూ వాటి మీది తీగలూ కలిసే నేలకూలాయి. కాబట్టి లోపల స్తంభం అనే మాటే వద్దు. బ్లాకుల మధ్య భూమిలో హెచ్‌డీపీఈ పైపు, అందులో సింగిల్‌మోడ్ ఫైబర్ 12 కోర్లు. ఏ-బీ, బీ-సీ, సీ-ఏ, మూడు వైపులా రింగు. మూడో వైపు తవ్వడం ఖర్చనిపిస్తుంది గానీ ఒక చోట గడ్డపార తగిలినా అన్ని బ్లాకులూ అందాలంటే అదే దారి. రాగి తీగ ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకి వద్దే వద్దు. పిడుగు దగ్గర్లో పడితే రెండు భవనాల ఎర్తింగ్ మధ్య వచ్చే వోల్టేజి తేడా నేరుగా స్విచ్ పోర్టుల్లోకి దిగుతుంది.

ఎస్‌ఎఫ్‌పీలు (స్విచ్‌లో దూర్చే ఫైబర్ మాడ్యూళ్ళు) బైడీ రకం తీసుకోండి. ఒకే కోరు మీద ఒక దిక్కు 1310, రెండో దిక్కు 1490 నానోమీటర్లు. జతగా కొనాలి, రెండు చివర్లా ఒకే రకం పెడితే లింకు లేవదు, తప్పెక్కడుందో తెలియక తల పగులుతుంది. రైజర్‌లో, మూలల్లో జీ.657.ఏ2 ఫైబర్ వెయ్యండి. అది 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా వంపుని ఓర్చుకుంటుంది, పాత జీ.652.డీకి 30 కావాలి. కాలనీ దూరాలకి ఫైబర్ నష్టం లెక్కలోకి రాదు. స్ప్లైస్‌కి (ఫైబర్ అతికిన చోటు) 0.1, కనెక్టరుకి 0.3 నుంచి 0.5 డీబీ వేసుకుని, మీటరుతో కొలిచినప్పుడు ఒక వైపు 2 డీబీ దాటితే ఎక్కడో మురికి కనెక్టరో నొక్కుకుపోయిన వంపో ఉన్నట్టే.

రింగు అనగానే స్ప్యానింగ్ ట్రీ (చక్రం ఏర్పడకుండా ఒక లింకుని ఆపి ఉంచే పద్ధతి) పెట్టేస్తారు. వద్దు. మూడు వైపులనీ రూటు చేసిన లింకులుగా ఉంచి ఓఎస్‌పీఎఫ్‌వీ3 గానీ బేబెల్ గానీ (రౌటర్లు తమలో తాము దారులు చెప్పుకునే ప్రోటోకాల్స్) నడపండి. ఫ్లాటుకి ఒక వీల్యాన్, బ్లాకు రౌటర్ దగ్గరే అది ముగిసిపోవాలి. ఇప్పుడు మీకున్నట్టు అంతా ఒకే లేయర్-2 (మధ్యలో రౌటర్ లేని నెట్‌వర్క్) అయితే ఎవరో ఇంట్లో రౌటర్ రెండు పోర్టులని ఒకే తీగతో కలిపిన క్షణం బ్రాడ్‌కాస్ట్ తుపాను లేస్తుంది, గేటుతో సహా అన్నీ పడుకుంటాయి. విడి వీల్యాన్ అయితే వాళ్ళ ఇల్లొక్కటే పోతుంది. స్విచ్‌లో ఆర్ఏ గార్డ్ కూడా ఆన్ చెయ్యండి, లేకపోతే తప్పుగా తగిలించిన హోమ్ రౌటర్ ఒకటి తానే గేట్‌వేనని చాటుకుంటుంది. స్విచ్ పెట్టె మధ్య అంతస్తు షాఫ్టులో ఉంచితే క్యాట్6 తీగ ఏ ఒక్క ఫ్లాటుకీ 100 మీటర్లు దాటదు. కింద సెల్లార్‌లో పెడితే వరద నీళ్ళు ముందు దాన్నే పలకరిస్తాయి.

కరెంటు లెక్క. బ్లాకుకి 48 పోర్టుల స్విచ్, పీఓఈ (నెట్ తీగలోనే కరెంటు పంపడం) లేనిది, 35 వాట్లు. చిన్న లినక్స్ రౌటర్ 10. ఇన్వర్టర్ తనకోసం తినేది 15. మొత్తం 60. 12.8 వోల్టులు 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే 1280 వాట్ అవర్లు, అందులో 85 శాతం వాడితే 1088, అంటే 18 గంటలు. రెండు రోజులు నడవాలంటే బ్లాకుకి అలాంటివి మూడు. లేదా రౌటర్, ఎస్‌ఎఫ్‌పీ ఉన్న చిన్న 8 పోర్టుల స్విచ్ మాత్రం నేరుగా 12 వోల్టుల మీద నడిపి, పెద్ద స్విచ్‌ని ఆరు గంటల తర్వాత ఆపేయండి. గేటు, లిఫ్టు, మోటార్ల గది ఆ చిన్న స్విచ్ మీదే ఉండాలి. 20 వాట్లే కాబట్టి ఆరు గంటల తర్వాత మిగిలిన 728 వాట్ అవర్లతో ఇంకో 36 గంటలు, మొత్తం 42. దానికి 200 వాట్ల సోలార్ ప్యానెల్ జోడిస్తే రెండు రోజులు దాటుతుంది. తుపాను మబ్బులో మొదటి రోజు ప్యానెల్ నుంచి ఏమీ రాదనే లెక్క వేసుకోండి.

ప్రతి ఫ్లాటుకీ పీఓఈతో ఐపీ ఫోను ఇద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఫోనుకి 3 వాట్లు, 36 ఫోన్లకి 108. బ్యాటరీ ఏడు గంటల్లోపే ఖాళీ. ఫ్లాటు ఫోన్లని వాళ్ళ ఇంటి ఇన్వర్టర్ మీద అడాప్టరుతో నడపమనండి.

మనసులో పెట్టుకోవాల్సిన ఇంకో మాట, ఉప్పు గాలి. సముద్రం వైపు పెట్టెల్లో క్లాంపులు, స్క్రూలు 304 స్టీలువి అయితే మచ్చలు పడి గుంటలు పడతాయి. 316 అడగండి, అందులోని మాలిబ్డినమ్ క్లోరైడుని తట్టుకుంటుంది. తీగ పెట్టెలోకి కిందివైపు నుంచే రావాలి, ముందు చిన్న వంపు వదలాలి, లేకపోతే నీరు తీగ వెంట లోపలికి జారుతుంది. బయట ఉన్న ఆర్‌జే45ల్లో పీఓఈ వెళ్తుంటే తడి ఉప్పుతో కలిసి పిన్నులు పచ్చగా తినేసుకుపోతాయి. కెమెరా తీగ కలిసే చోటుని పెట్టెలోనే ఉంచండి.

---

ఇంటరెస్ట్_ప్యాకెట్

ఎండ్_టు_ఎండ్ గారు అడ్రసుల మందు బాగా చెప్పారు గానీ, కొత్త ఆర్కిటెక్చర్లని ఒక్క వాక్యంలో పక్కన పెట్టేశారు. అడిగిన ప్రశ్నలో సగం అదే కదా.

ఎన్‌డీఎన్ (నేమ్డ్ డేటా నెట్‌వర్కింగ్) మూలం నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 2006లో చేసిన వాదన. 2010లో అమెరికా ఎన్ఎస్ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) నిధులిచ్చిన నాలుగు ఫ్యూచర్ ఇంటర్నెట్ ప్రాజెక్టుల్లో అదొకటి. అందులో ప్యాకెట్ మీద గమ్యం అడ్రసు ఉండదు, కావలసిన డేటా పేరు ఉంటుంది. ఇంటరెస్ట్ అని ఒక ప్యాకెట్ పేరు చెప్పి అడుగుతుంది, ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు డేటా ప్యాకెట్ తిప్పి పంపుతారు. డేటా మీదే ప్రచురించినవారి సంతకం ఉంటుంది కాబట్టి అది బీ బ్లాకు లిఫ్టు పక్క పెట్టె నుంచి వచ్చినా, అసలు సర్వరు నుంచి వచ్చినా నమ్మకం ఒకటే. మీ సమస్యకి ఇది అతికినట్టు సరిపోయే ఆలోచన. నేటి వెబ్‌లో నమ్మకం టీఎల్ఎస్ గొట్టానికి ఉంటుంది, డేటాకి కాదు. అందుకే మధ్యలో క్యాష్ పెట్టినా హెచ్‌టీటీపీఎస్ రోజుల్లో అది గుడ్డిదే.

వాడి చూడాలంటే ఎన్ఎఫ్‌డీ అనే ఫార్వర్డర్ ఉంది, యూడీపీ 6363 పోర్టు మీద ఐపీ పైనే నడుస్తుంది, రాస్‌ప్బెరీ పై చాలు. నోటీసులు, తుపాను సూచనలు, నీటి ట్యాంకు మట్టం లాంటి ఒకరు రాసి అందరూ చదివే వాటికి సరదాగా పెట్టొచ్చు. గేటు కాల్‌కి పెట్టకండి. అడిగిన ప్రతి పేరునీ జవాబు వచ్చేదాకా రౌటర్ పెండింగ్ పట్టికలో గుర్తుంచుకోవాలి. లేని పేర్లని వరసగా అడిగి ఆ పట్టిక నింపేయడం దాని తెలిసిన బలహీనత. పేర్లు దారిలో అందరికీ కనిపిస్తాయి కూడా. పైగా దేశమంతా పేర్లతో రూటింగ్ అంటే పట్టిక ఎంత పెద్దదవుతుందో ఊహించండి. ఐపీవీ4 బీజీపీ పట్టికే (ప్రపంచ నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే దారుల జాబితా) పది లక్షల రూట్ల దరిదాపుల్లో ఉంది. 2014 ఆగస్టు 12న అది 5,12,000 దాటినప్పుడే, అంతవరకే చోటు పెట్టుకున్న పాత రౌటర్లు చాలా చోట్ల తడబడ్డాయి.

సియాన్ ఈటీహెచ్ జ్యూరిక్ నుంచి వచ్చింది. దారిని పంపేవాడే ఎంచుకుంటాడు, ఆ దారి ప్యాకెట్‌లోనే ఉంటుంది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక /24 ప్రకటన యూట్యూబ్ ట్రాఫిక్‌ని లాక్కుపోయింది చూడండి, అలాంటివి అక్కడ కుదరవు. స్విట్జర్లాండ్ బ్యాంకుల నెట్‌వర్క్ 2021 నుంచి దానిమీద నడుస్తోంది. కానీ మీ రెండు కంపెనీలూ దాన్ని పెడితే తప్ప కాలనీ ఒంటరిగా చేసేదేమీ లేదు. రీనా విషయంలో దాన్ని ప్రతిపాదించిన జాన్ డే వాదన చదవదగ్గది, ముఖ్యంగా అప్లికేషన్‌కి పేరు ఉండాలి, అడ్రసు ఆ పొర లోపలి గుట్టుగా ఉండాలి అన్న భాగం. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా ప్రయోగశాల సరుకే. ఆ నియమాన్ని యూఎల్ఏ, లోపలి డీఎన్ఎస్‌తో ఇప్పుడే పాటించొచ్చు: ఏ కెమెరాలో, ఏ ఫోనులో అడ్రసు చేత్తో కొట్టకండి, పేరే కొట్టండి.

---

ఎండ్_టు_ఎండ్

ఒప్పుకుంటాను, ఎన్‌డీఎన్ ఆలోచన ఈ అవసరానికి దగ్గర. ఒక్క చోటే తేడా. డేటా మీద సంతకం అన్నది పొందడానికి నెట్‌వర్క్ పొర మార్చనక్కర్లేదు. నోటీసు ఫైలుని అసోసియేషన్ తాళంతో సంతకం చేసి మూడు బ్లాకుల్లోనూ మూడు ప్రతులు ఉంచితే చాలు.

ఐపీ చుట్టూ కొత్తది పెట్టాలన్న ప్రయత్నాలు ఎందుకు ఆగిపోతాయో ఎస్‌సీటీపీ (ఐపీ మీద టీసీపీ, యూడీపీల పక్కన నడిచే ప్రోటోకాల్) చూస్తే తెలుస్తుంది. 2000లోనే ప్రమాణం అయింది, ఒకే కనెక్షన్‌కి రెండు అడ్రసులు అప్పుడే ఇచ్చింది. ఇళ్ళలోని నాట్ పెట్టెలకి (ఒకే అడ్రసుని చాలా పరికరాలకి పంచేవి) టీసీపీ, యూడీపీ తప్ప మరోటి తెలియక అది ఫోన్ కంపెనీల సిగ్నలింగ్‌లోనే మిగిలిపోయింది. అందుకే క్విక్ అనే కొత్త ప్రోటోకాల్ యూడీపీ వెనక దాక్కుని 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000 అయింది. దానిలో కనెక్షన్ ఐడీ అడ్రసుతో ముడిపడి ఉండదు కాబట్టి వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా కనెక్షన్ బతికి ఉండగలదు.

అసోసియేషన్ ఆఫీసుకి రెండు లింకులు తీసుకుంటే ఒక జాగ్రత్త. ఒక కంపెనీ ప్రిఫిక్స్‌తో ఉన్న ప్యాకెట్‌ని ఇంకో కంపెనీ వైపు పంపితే వాళ్ళు పడేస్తారు, అడ్రసు మోసాన్ని ఆపే వడపోత అది. కాబట్టి రూటు సోర్స్ అడ్రసుని బట్టి ఎంచుకోవాలి. ఒక లింకు పడిపోగానే ఆ ప్రిఫిక్స్‌ని ప్రిఫర్డ్ గడువు సున్నాతో ప్రకటించాలి. లేకపోతే సగం మిషన్లు చచ్చిన లింకు అడ్రసుతోనే ప్రయత్నిస్తూ ఉంటాయి, చూసేవాళ్ళకి నెట్ కాసేపు వస్తోంది కాసేపు పోతోంది అనిపిస్తుంది.

---

క్యూ_చివర

కెమెరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 16 కెమెరాలు ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అంటే 32 ఎంబీపీఎస్, రోజుకి సుమారు 346 జీబీ. క్లౌడ్‌కి పంపితే అప్‌లోడ్ మొత్తం దానికే. ఎన్‌వీఆర్ (కెమెరా వీడియో రికార్డు చేసే పెట్టె) లోపలే పెడితే 8 టీబీ డిస్కులో 23 రోజులు నిలుస్తుంది, లింకుతో పనిలేదు. బయటినుంచి చూడాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్.

లింకు బాగున్నా వీడియో కాల్ తెగిపోతుంటే ప్లాను పెంచేముందు బఫర్ చూడండి. ఓఎన్‌టీలో 1 ఎంబీ క్యూ నిండి, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అయితే చివరి ప్యాకెట్ 0.8 సెకను ఆగుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎం (క్యూ పెరగకుండా చూసే ప్యాకేజీ) వేసి, అందులో కేక్ అనే క్యూ పద్ధతి ఎంచుకుని, రేటు కొలిచినదాంట్లో 90 శాతం పెట్టండి. ప్లాను కాగితం మీది అంకె కాదు, సాయంత్రం తొమ్మిదింటికి కొలిచిన అంకె. క్యూ మీ రౌటర్‌లో కడితేనే కేక్ దాన్ని పంచగలదు, కంపెనీ పెట్టెలో కడితే దాని చేతిలో ఏమీ లేదు. పాత మిప్స్ ప్రాసెసర్ రౌటర్లు కేక్‌తో 100-200 ఎంబీపీఎస్ దగ్గరే చతికిలబడతాయి, ఆర్మ్ ప్రాసెసర్ ఉన్నది తీసుకోండి.

---

మధురవాడ_108

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాం: మూడు వైపుల రింగు, ఫ్లాటుకి ఒక వీల్యాన్, యూఎల్ఏ /48, ఏ, సీ బ్లాకుల్లో ఒక్కో మినీ పీసీ. వాటిమీద లోపలి డీఎన్ఎస్, గేటు కాల్స్‌కి ఆస్టరిస్క్ (ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్), మెసేజ్‌లకి ఎక్స్ఎంపీపీ (చాట్ ప్రోటోకాల్) సర్వరు ప్రొసోడీ. నోటీసులు సంతకం చేసిన ఫైళ్ళుగా. ఒక ఆదివారం బయటి లింకులన్నీ కావాలని పీకేసి చూద్దామనుకుంటున్నాం. ఆ రోజు ఏమేం విరుగుతాయి?

---

ఎండ్_టు_ఎండ్

నాలుగు గంటలు పీకితే పెద్దగా ఏమీ విరగవు, అదే చిక్కు. క్యాష్‌లు, లీజులు, టోకెన్లు అప్పటికింకా బతికే ఉంటాయి. శనివారం సాయంత్రం పీకి ఆదివారం సాయంత్రం పెట్టండి. మధ్యలో ఒకసారి మినీ పీసీలు, స్విచ్‌లు, రౌటర్లు అన్నిటికీ కరెంటు తీసి మళ్ళీ ఇవ్వండి. అసలు జబ్బులు అప్పుడు బయటపడతాయి.

మొదటిది గడియారం. ఆర్‌టీసీ (కరెంటు పోయినా నడిచే గడియారం) బ్యాటరీ లేని బోర్డు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ లేచేసరికి పాత తేదీలో ఉంటాయి. సర్టిఫికెట్లు ఇంకా మొదలవనట్టు, డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబు అసలైనదేనని చూపే పద్ధతి) సంతకాలు చెల్లనట్టు కనిపిస్తాయి. మినీ పీసీలో కాయిన్ సెల్ బాగుంటే చాలు. లేని బోర్డుకి డీఎస్3231 చిప్పు పెట్టండి, రోజుకి సెకనులో ఐదో వంతు కూడా తప్పదు. మిగతా పరికరాలన్నీ సమయం దీన్నే అడగాలి. కెమెరాల్లో బయటి ఎన్‌టీపీ పేరు రాసి ఉంటుంది, మార్చండి.

రెండోది ఫోన్లు. ఆండ్రాయిడ్ వైఫైకి తగిలినప్పుడల్లా బయటి ఒక సర్వరుని పలకరిస్తుంది. అది పలకకపోతే ఇంటర్నెట్ లేదని తేల్చి మొబైల్ డేటాకి జారిపోతుంది, లోపలి సర్వరు పక్కనే ఉన్నా అందదు. కనెక్ట్ అయ్యే ఉండాలా అని అడిగినప్పుడు ఉండాలని నొక్కమని కాలనీ వాళ్ళకి ముందే చెప్పాలి. ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ఎవరైనా బయటి సర్వరు పేరు గట్టిగా రాసుకుని ఉంటే లోపలి పేర్లు అస్సలు తెలియవు. ఆటోమేటిక్‌లో ఉంచమనండి. ఎక్స్ఎంపీపీకి ఆండ్రాయిడ్‌లో కన్వర్సేషన్స్ యాప్ తన కనెక్షన్ తానే పట్టుకుని ఉంటుంది, పుష్ సర్వరుతో పనిలేదు. ఐఫోన్‌లో ఆపిల్ పుష్ అందకపోతే తెర మూసి ఉన్న యాప్ మేల్కోదు. అందుకని గేటు కాల్ యాప్ మీద ఆధారపడొద్దు, ప్రతి ఫ్లాటులో తీగతో ఒక సిప్ ఫోను (నెట్‌వర్క్ మీద కాల్స్ చేసే ఫోను) ఉండాల్సిందే. ఖరీదైనది అక్కర్లేదు.

మూడోది డీఎన్ఎస్ ఆలస్యం. లోపలి రిజాల్వర్ (పేరుకి అడ్రసు వెతికి చెప్పే సర్వరు) బయటి పేరు కోసం సెకన్ల కొద్దీ ఎదురుచూస్తుంటే, అదే క్యూలో లోపలి పేర్లు కూడా నత్తనడక నడుస్తాయి. ఆస్టరిస్క్‌లో బయటి సిప్ ట్రంక్ (బయటి ఫోన్ కంపెనీతో కలిపే లింకు) ఏదైనా పేరుతో రాసి ఉంటే ఆ పేరు దొరక్క లోపలి కాల్స్ కూడా ఆగిన సందర్భాలు ఉన్నాయి. ట్రంక్ వద్దు, లేదా వేరే ప్రాసెస్‌లో ఉంచండి. రిజాల్వర్‌లో పాత జవాబు ఇచ్చే సదుపాయం, ఆర్‌ఎఫ్‌సీ 8767, ఆన్ చేస్తే బయటి పేర్లకి ఈ ఎదురుచూపు తగ్గుతుంది.

విజిటర్ యాప్ ట్యాబ్ ఆ రోజు పనిచేయదు. దానికి మందు లేదు, గేటు దగ్గర రిజిస్టరు పుస్తకం, ఫ్లాటు నంబరు నొక్కే సిప్ ఫోను పెట్టండి. ఫ్లాటు నంబరే ఎక్స్‌టెన్షన్ నంబరు కావాలి.

---

స్ప్లైస్_బాక్స్

ఇంకొకటి. ఆ ఆదివారమే రింగులో ఒక వైపు ఫైబర్ కూడా పీకండి, బయటి లింకుతో కలిపి. ఓఎస్‌పీఎఫ్‌వీ3 డిఫాల్టు డెడ్ టైమరు (పక్క రౌటర్ పలకకపోతే పోయిందని తేల్చేముందు ఆగే సమయం) 40 సెకన్లు. తీగ తెగితే పోర్టు వెంటనే డౌన్ అవుతుంది కాబట్టి దారి సెకనులో మారిపోతుంది. మధ్యలో మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని రాగి తీగకి మార్చే పెట్టె) ఉంటే మాత్రం పోర్టు వెలుగుతూనే ఉంటుంది, ఆ 40 సెకన్లూ ఆగాల్సిందే. కన్వర్టర్లు తీసేసి ఎస్‌ఎఫ్‌పీని నేరుగా స్విచ్‌లో పెట్టండి. తీసే వీలు లేకపోతే బీఎఫ్‌డీ (లింకు పోయిన సంగతి త్వరగా పట్టే పద్ధతి) ఆన్ చెయ్యండి.